పట్టు సడలించడం: పాలు పితికే చేతికి, పనిముట్టు పట్టే చేతికి ఒక పాఠం

ప్రాథమిక సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ముందుగా తెరిచేది పాల సేకరణ రిజిస్టరు. ఒక సభ్యుని పాలు వరుసగా రెండు మూడు పక్షాలు తగ్గుతూ వచ్చినట్లు కనిపిస్తే కార్యదర్శిని కారణం అడుగుతాము. జవాబు సాధారణంగా నాలుగింటిలో ఒకటిగా ఉంటుంది: మేత లేదు, ఎండ ఎక్కువైంది, దూడ చనిపోయింది, గేదె వట్టిపోయే రోజులు వచ్చినవి. ఇవి నిజమైన కారణాలే. అయితే ఐదవ కారణం ఒకటి ఉన్నది. దానిని ఎవరూ చెప్పరు, ఎందుకంటే అదొక కారణమని ఎవరికీ తోచదు. అది పితికే మనిషి చెయ్యి.

సహకార ఇన్‌స్పెక్టర్లకు పశువు పొదుగుతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. మేము లెక్కలవాళ్ళమే, నిజమే. కాని రిజిస్టరులోని ప్రతి లీటరు ఎవరిదో ఒక చేతిలో నుండి వచ్చినదే గదా. పితికే యంత్రాలు ఇప్పుడు చిన్న రైతుకు కూడా దొరుకుతున్నవి గాని, రెండు మూడు గేదెలు ఉన్న ఇంట పాలు ఇంకా చేతితోనే తీస్తున్నారు. ఆ చెయ్యి నొప్పి పుడితే ముందు పాలు తగ్గుతాయి, తరువాత గేదె సంతకు పోతుంది, ఆ తరువాత సభ్యుని పేరు జాబితాలో మాత్రమే మిగులుతుంది. అందుచేత ఈ సంచికలో చెయ్యి గురించి, ముఖ్యంగా దాని పట్టు గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మనలో చాలామందికి చిన్నప్పటి నుండి ఒకే మాట అలవాటు: "గట్టిగా పట్టుకో." కొడవలి ఇచ్చినా అదే మాట, పార ఇచ్చినా అదే మాట, చెంబు ఇచ్చి గేదె దగ్గర కూర్చోబెట్టినా అదే మాట. ఎంత గట్టిగా పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అందువల్ల పని తెలిసినవారు కూడా పట్టులో సగం బలాన్ని వృథాగా ఖర్చుపెడుతూ ఉంటారు.

చెయ్యి పనిచేసే తీరు

ఈ పేజీ ఒక పక్కన పెట్టి ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎడమ అరచేతిని కుడి ముంజేతి మీద, మోచేతికి కొంచెం దిగువగా ఆనించండి. ఇప్పుడు కుడిచేతి వ్రేళ్ళను ముడుచుకొని తెరవండి. ఎడమచేతి క్రింద కండరాలు కదలడం తెలుస్తుంది. వ్రేళ్ళను బలంగా ముడిచే కండరాలు అరచేతిలో కాదు, ముంజేతిలో ఉన్నవి. అక్కడి నుండి తాళ్ళవంటి పీచులు మణికట్టులోని ఇరుకైన సందుగుండా పోయి వ్రేళ్ళను లాగుతాయి. అదే సందుగుండా ఒక నరము కూడా పోతుంది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము ఆ నరము క్రిందికి వస్తాయి. రోజుల తరబడి బిగిసిన పట్టుతో, వంచిన మణికట్టుతో పనిచేస్తే ఆ సందులో వాపు వచ్చి నరము నలుగుతుంది. రాత్రిపూట ఆ వ్రేళ్ళకు తిమ్మిరి ఎక్కడానికి తరచుగా ఇదే కారణం.

ఇంకొక ప్రయోగం. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి. బిగియదు. మణికట్టు తిన్నగా గాని, కొంచెం వెనుకకు గాని ఉన్నప్పుడే పిడికిలికి బలం ఉంటుంది. కాబట్టి మణికట్టు వంచి పనిచేసే మనిషి, ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి రెట్టింపు శక్తితో పట్టుకోవలసి వస్తుంది.

కండరం విషయంలో మరొక సంగతి. బిగిసి వదిలే కండరానికి ప్రతి వదలికలోనూ క్రొత్త రక్తం వస్తుంది. బిగిసే ఉన్న కండరం తనలోని సన్నని రక్తనాళాలను తానే నొక్కుకుంటుంది. రక్తం సరిగా ఆడదు, మంట పుడుతుంది, వణుకు వస్తుంది. పొలంలో రోజంతా కొడవలి ఆడించే మనిషి అలసిపోకపోవడం, నిండు బిందెను కదలక పట్టుకొని నిలబడిన మనిషికి ఐదు నిమిషాలలో చెయ్యి లాగడం ఇందువల్లనే.

బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ నేపియర్ 1956లో మనిషి చేతి పట్టులను రెండుగా విభజించినాడు. సుత్తిని, గునపాన్ని అరచేయంతా చుట్టి పట్టేది బలపు పట్టు. కలాన్ని, సూదిని వ్రేళ్ళ కొనలతో పట్టేది నేర్పు పట్టు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, నేర్పు పట్టు చాలిన చోట మనం బలపు పట్టు వాడతాము. పాలు పితకడం ఈ రెండింటికీ నడుమ ఉన్న పని: అరచేయంతా పనిచేయాలి, కాని వ్రేళ్ళు ఒకదాని తరువాత ఒకటి విడివిడిగా పలకాలి. ఇక్కడ బలం చూపితే నేర్పు పోతుంది.

వదలడంలోనే సగం పని

పాలు లాగితే రావు, నొక్కితే వస్తాయి. ఇది వినడానికి చిన్న మాట, కాని పాఠమంతా ఇందులోనే ఉన్నది.

నిండు చేతి పద్ధతిలో ముందు బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి చన్ను మొదట ఉంగరంలాగా మూస్తాయి. దీనితో చన్నులో ఉన్న పాలు పైకి తిరిగి పోవడానికి వీలుండదు. తరువాత మధ్యవ్రేలు, ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు వరుసగా పై నుండి క్రిందికి నొక్కుతాయి. పాలు ధారగా వస్తాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. దీని తరువాతి అంకాన్నే చాలామంది తొందరలో మింగివేస్తారు. ఉంగరం పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకుంటేనే పైన పొదుగులోని పాలు చన్నులోకి దిగుతాయి. ఉంగరం సగమే సడలితే చన్ను సగమే నిండుతుంది, తరువాతి నొక్కుకు సగం ధారే వస్తుంది. అది చూసి పితికేవారు పాలు బిగబట్టిందనుకొని ఇంకా గట్టిగా నొక్కుతారు. గట్టిగా నొక్కిన చెయ్యి మరింత ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈ విధంగా చెయ్యి, పొదుగు రెండూ ఒకదానికొకటి విరోధులవుతాయి.

చెయ్యి తిరిగినవారిని గమనించండి. వారి చెంబులో చప్పుడు తెగదు. ఒక చెయ్యి నొక్కుతుండగా మరొకటి తెరుచుకొని ఉంటుంది. ఆ తెరుచుకున్న క్షణంలోనే ఆ చెయ్యి విశ్రాంతి తీసుకుంటుంది. ఒక పూటలో వందలసార్లు వచ్చే ఈ చిన్న చిన్న విశ్రాంతుల బలంతోనే వారు నాలుగు గేదెలను పితికి లేచి మామూలుగా తలుపు గడియ తీయగలుగుతారు.

పశువు వైపు నుండి చూసినా ఇదే న్యాయం. పొదుగును కడిగి, నిమిరి, దూడను వదిలినప్పుడు పశువు మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది పొదుగును పిండి పాలను క్రిందికి దించుతుంది. మన వాళ్ళు చేపడం అనేది దీనినే. ఆవు పొదుగులో చేపక ముందే క్రింది గదిలో సుమారు ఐదవ వంతు పాలు ఉంటాయి. గేదెలో అది ఇరవైయవ వంతు మాత్రమే. మిగిలినదంతా చేపితేనే దిగాలి. ఆవు సుమారు ఒక నిమిషంలో చేపితే, గేదెకు రెండు నిమిషాలు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ పడుతుంది. చేపిన తరువాత ఆ పదార్థం పనిచేసేది ఐదు నుండి ఎనిమిది నిమిషాలు. ఈ వ్యవధిలో పశువుకు నొప్పిగాని, బెదురుగాని కలిగితే అడ్రినలిన్ విడుదలై చేపును ఆపివేస్తుంది. పాలు పొదుగులోనే ఉండిపోతాయి.

గేదె చన్ను చివరి కండరం ఆవుకన్న బిగువుగా ఉంటుందన్నది నిజమే. అందుకనే గేదెను బలంగా పితకాలన్న అభిప్రాయం మన ప్రాంతంలో బలపడినది. కాని ఆ బిగువును గెలిచేది నిండుగా దిగిన పాల ఒత్తిడి, దాని మీద వరుసగా పడే నొక్కు. చేపని గేదెను ఎంత బిగించి పితికినా వచ్చేది నొప్పే.

సభ్యులు ఇంకొక లెక్క కూడా గుర్తుంచుకోవాలి. చివరగా వచ్చే పాలలో వెన్న శాతం ఎక్కువ. చెయ్యి నొప్పి పుట్టి ముందుగానే లేచిన మనిషి లీటర్లలోనే కాదు, వెన్న శాతంలో కూడా నష్టపోతాడు. గేదె పాలకు ధర కట్టేది వెన్న మీద గనుక రెండు దెబ్బలూ చెల్లింపు చీటీలో కనిపిస్తాయి. కొందరు ఈ చిక్కుకు సూదిమందు మార్గం వెతుకుతారు. పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెరిచే ఇంజెక్షన్లు చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. చెయ్యి సడలితే పోయే జబ్బుకు సూది ఎందుకు?

మడిచిన బొటనవ్రేలు

బొటనవ్రేలిని అరచేతిలోకి మడిచి, దాని కణుపుకు వ్రేళ్ళకు నడుమ చన్నును నొక్కి పితికే అలవాటు మన పల్లెలలో విస్తారంగా ఉన్నది. తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి వచ్చిన అలవాటు గనుక దీనిని తప్పని చెప్పినవారిని వింతగా చూస్తారు. గట్టి ఎముక మెత్తని చన్ను మీద ఒకే చోట రోజుకు వందలసార్లు పడితే లోపలి పొర చితుకుతుంది. చితికిన చోట గింజవంటి గడ్డ ఏర్పడుతుంది. ధార సన్నబడుతుంది, పక్కకు చిమ్ముతుంది. చితికిన పొదుగులో సూక్ష్మజీవులు సులువుగా నిలదొక్కుకొని పొదుగువాపు వ్యాధి వస్తుంది. ఇటు పితికేవారి బొటనవ్రేలి మొదలు వాస్తుంది.

ఒక సంఘంలో మేము పుస్తకాలు కట్టివేసి లేవబోతుండగా ఒక సభ్యురాలు వచ్చి, తన గేదెల అప్పు ఎంత మిగిలి ఉన్నదో చూడమని కార్యదర్శిని అడిగింది. రెండు ముర్రా గేదెలలో ఒకదానిని అమ్మివేస్తానన్నది.

"చూడితో ఉన్నది గాదు, వట్టిపోయినది గాదు, పాలిచ్చే గేదెను అమ్మడమేందక్కా?" అన్నాడు కార్యదర్శి.

"ఏం జెయ్యమంటావు తమ్మీ. ఒకటి పిండి రెండోదాని కాడ కూసునేసరికి వేళ్ళు నావి గావు. రాత్రి తిమ్మిర్లకు నిద్ర లేదు," అని చేతులు ముందుకు చాపింది.

ఆ సాయంత్రం సంఘం కృత్రిమ గర్భధారణ కార్యకర్త కూడా అక్కడే ఉన్నాడు. పితికే వేళకు అందరం ఆమె కొట్టం దగ్గరకు పోయినాము. ఆమె బొటనవ్రేలు మడిచి పితుకుతున్నది. ప్రతి పది నొక్కులకు ఒకసారి వ్రేళ్ళను చెంబులోని పాలలో ముంచి తడుపుకుంటున్నది. గేదెకు చాలా దగ్గరగా కూర్చోవడం వల్ల మణికట్లు రెండూ లోపలికి వంగి ఉన్నవి. గేదె ఒకసారి కాలు ఎత్తి వేసింది, ఆమె భుజాలు చెవుల దాకా లేచినవి. ఆ తరువాత చివరి దాకా అవి దిగలేదు. రెండవ గేదె వెనుక ఎడమ చన్నులో అప్పటికే చిన్న గడ్డ చేతికి తగులుతున్నది.

కార్యకర్త ఆమెకు చెప్పినవి ఎక్కువేమీ కావు. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి పోయి చెయ్యి చూపించుకొమ్మన్నాడు. మూడు వారాలు రెండవ గేదెను తోటికోడలు చేత పితికించమన్నాడు. తాను పితికే గేదెను పొడి చేతితో, బొటనవ్రేలు బయటపెట్టి, జానెడు వెనుకకు జరిగి కూర్చొని పితకమన్నాడు. మొదటి వారం ఆమెకు పాలు తగ్గినవి. అలవాటు లేని పద్ధతిలో అంతే జరుగుతుంది, ఇది దాచవలసిన సంగతి కాదు. తరువాతి తనిఖీలో మేము ఆమె ఖాతా తీసి చూచినాము. గేదెను అమ్మలేదు. పాలు మునుపటి మట్టానికి వచ్చినవి. తిమ్మిరి పూర్తిగా పోలేదు గాని నిద్ర పడుతున్నదని చెప్పింది. చన్నులోని గడ్డ మాత్రం ఉండనే ఉన్నది. పొదుగుకు అయిన గాయం చేతికి అయిన గాయమంత తేలికగా మానదు.

చన్నులు మరీ పొట్టిగా ఉన్న పశువులకు, మొదటి ఈత పడ్డలకు నిండు చేతి పద్ధతి సాగదు. రెండు వ్రేళ్ళతో జార్చి తీయవలసిందే. అప్పుడు కూడా వ్రేలు తిన్నగా ఉండాలి.

పట్టు ఎందుకు బిగుస్తుంది

సడలించమని చెప్పడం సులభం. కాని మనిషి ఊరికే బిగించడు. ఏదో ఒకటి అతని చేత బిగింపజేస్తుంది. అది కనిపెట్టి తొలగించకుండా ఎన్ని పాఠాలు చెప్పినా చెయ్యి సడలదు.

మొదటిది జారుడు. స్వీడన్‌లో వెస్ట్‌లింగ్, యోహాన్సన్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రకటించిన పరిశోధనలో, మనిషి ఒక వస్తువును ఎత్తినప్పుడు అది జారిపోకుండా ఉండడానికి కావలసినదానికన్న కొంచెం మాత్రమే ఎక్కువ బలంతో పట్టుకుంటాడని, వస్తువు నునుపుగా ఉంటే మనం చెప్పకుండానే చెయ్యి బలం పెంచుతుందని చూపినారు. తడి చేతితో పితికేవారి సంగతి సరిగ్గా ఇదే. పాలు, నీళ్ళు, ఉమ్మి రాసుకుంటే పని సులువవుతుందనుకుంటారు. చన్ను జారుతుంది, చెయ్యి తెలియకుండానే బిగుస్తుంది. పైగా మురికి చెంబులోకి దిగుతుంది. పొదుగును కడిగి, పొడి గుడ్డతో తుడిచి, పొడి చేతితో పితకాలి.

రెండవది మొద్దుబారిన పనిముట్టు. పచ్చిగడ్డి కోసే కొడవలికి పళ్ళు అరిగిపోతే మనిషి పిడి మీద కసి చూపుతాడు. పిడికిలి ఎంత బిగించినా పదును రాదు. కొలిమి దగ్గరకు పంపితే పోయే ఇబ్బందికి నెలల తరబడి ముంజేయి జరిమానా కడుతుంది. పిడి లావు కూడా చూసుకోవాలి. మరీ సన్నని పిడిని పట్టుకోవడానికి వ్రేళ్ళు అరచేతిలోకి గుచ్చుకునేంత ముడుచుకోవాలి. మరీ లావైతే చుట్టూ రావు. పట్టుకున్నప్పుడు బొటనవ్రేలి కొన చూపుడువ్రేలి కొనను అందుకునేటట్లు ఉంటే మంచిది. పెద్దవారి చేతికి అది సుమారు ఒకటిన్నర అంగుళాల మందం. సన్నని పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టితే మందమూ వస్తుంది, జారుడూ పోతుంది. ఆడవారి చేతులు చిన్నవి గనుక ఒకే ఇంట్లో రెండు కొడవళ్ళు ఉండడం దుబారా కాదు.

మూడవది బరువు. 40 లీటర్ల పాల క్యానులో పాలే 41 కిలోలు దాటుతాయి, క్యాను బరువు అదనం. సన్నని పిడి వ్రేళ్ళను కోస్తుంది. ఇక్కడ సడలించి పట్టుకొమ్మని మేము చెప్పము. ఇద్దరు పట్టుకోవాలని చెబుతాము. పిడిని పిసకకుండా నాలుగు వ్రేళ్ళను కొక్కెంలాగా తగిలించి, చెయ్యి తిన్నగా వ్రేలాడదీసి, మోకాళ్ళ బలంతో లేపాలి. బకెట్టు పిడికి చీల్చిన ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగితే అంతా తేడా తెలుస్తుంది.

నాలుగవది భయం. తన్నే గేదె దగ్గర ఎవరి చెయ్యి సడలదు. తన్నే పశువుల్లో చాలా వాటికి మొదట నొప్పి కలిగించినది పితికే చెయ్యే అన్న సంగతి కూడా ఆలోచించదగినది. రోజూ ఒకే వేళకు, ఒకే పక్కన, ఒకే మాట పలుకుతూ కూర్చుంటే పశువుకూ మనిషికీ ధైర్యం వస్తుంది. పెరిగిన గోళ్ళతో మాత్రం ఏ పశువూ రాజీ పడదు.

సడలించరాని చోట్లు కూడా ఉన్నవి. గడ్డి ముక్కలు చేసే యంత్రం దగ్గర చేతిని దూరంగా ఉంచడమే ముఖ్యం, అక్కడ పరధ్యానం పనికిరాదు. ఆబోతు పగ్గం గట్టిగానే పట్టుకోవాలి. అయితే పగ్గాన్ని పట్టు కోసమని అరచేతికి చుట్టుకోవడం మహాప్రమాదం. పశువు బెదిరి దూకితే వ్రేళ్ళు దానితో పోతాయి. అవసరమైన క్షణంలో వదలగలిగేటట్లు పట్టుకొన్నదే మంచి పట్టు.

పరీక్షకులకు ఒక మాట

చాలా సంఘాలకు ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చినవి గాని, తగాదా వచ్చినప్పుడు గెర్బర్ పరీక్షే దిక్కు. 10.75 మి.లీ. పాల పిపెట్టును పట్టే తీరు చూస్తేనే పరీక్షకుని అనుభవం తెలిసిపోతుంది. పిపెట్టు మూతి మీద చూపుడువ్రేలు కొత్తవారు అదిమి పెడతారు. అదిమిన వ్రేలు సన్నగా సడలదు, ఒక్కసారిగా లేస్తుంది, పాలు గీత దాటి జారిపోతాయి. వ్రేలు పొడిగా, తేలికగా ఆనించి, కొంచెం దొర్లించినట్లు సడలిస్తే గీత మీద నిలుస్తుంది. బ్యుటిరోమీటరు బిరడాను తాళంచెవితో సరిచేసేటప్పుడు కూడా వెన్న మట్టాన్ని కదిలించేది స్వల్పమైన ఒత్తిడే. పిడికిలి బిగిస్తే మట్టం ఎగిరి దూకుతుంది, ఒక్కొక్కసారి గాజు పగులుతుంది. లోపల ఉన్నది గంధకామ్లం. ఆమ్లం కలిపి ఆడించేటప్పుడు గొట్టం వేడెక్కుతుంది గనుక గుడ్డలో చుట్టి, బిరడా కదలకుండా ఆపి పట్టుకోవాలి. గుడ్డ లేకపోతే చెయ్యి కాలుతుందేమోనన్న భయంతోనే పట్టు పాడవుతుంది. మూడు రూపాయల గుడ్డ ముక్క కొనడానికి తీర్మానం అక్కరలేదు.

రిజిస్టరు వ్రాసే కార్యదర్శులు కలాన్ని కాగితం క్రింది పేజీ మీద అచ్చు పడేటంతగా నొక్కి వ్రాయడం మేము రోజూ చూస్తున్నాము. కార్బను పెట్టిన రసీదు పుస్తకానికి తప్ప ఆ నొక్కు అవసరం లేదు.

ఆటగాళ్ళను చూడండి

సంఘం ఆవరణలో సాయంత్రం బాల్ బాడ్మింటన్ ఆడే కుర్రవాళ్ళున్న ఊళ్ళలో ఈ పాఠానికి వేరే బడి అక్కరలేదు. మంచి ఆటగాడు బంతి వచ్చేవరకు బ్యాటును వ్రేళ్ళ మధ్య వదులుగా తిప్పుతూ ఉంటాడు. బంతి తగిలే క్షణంలో మాత్రమే పిడికిలి బిగుస్తుంది, వెంటనే సడలుతుంది. మొదటి నుండి బిగించినవాని మణికట్టు తిరగదు, దెబ్బకు వేగం రాదు. క్రికెట్టులో వేగంగా వచ్చే బంతిని కాళ్ళ ముందు చల్లగా పడవేసే బ్యాట్స్‌మన్ కూడా క్రింది చేతిని వదులుగా ఉంచుతాడు. బిగించి ఆడితే బంతి ఎగిరి ఫీల్డరు చేతిలో పడుతుంది. గేదె దగ్గర మొరటుగా కూర్చునే కుర్రవానికి ఈ పోలిక చెబితే నవ్వుతాడు, కాని అర్థం చేసుకుంటాడు.

సాధన చేసే పద్ధతి

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో ప్రకటించిన గ్రంథంలో ఒక సులువైన మార్గం చెప్పినాడు. సడలించడం రానివారు ముందు బిగించడం గమనించాలన్నాడు. పిడికిలిని ఐదారు లెక్కలు గట్టిగా బిగించి, ముంజేతిలో ఎక్కడ లాగుతున్నదో మనసు పెట్టి చూసి, తరువాత ఒక్కసారిగా వదిలివేయాలి. వదిలినప్పటి తేడా తెలియాలి. మరల సగం బలంతో బిగించి వదలాలి. మరల పావు బలంతో. మూడు నాలుగు రోజులు ఇట్లా చేసినవారికి, తాము ఏ పనిలో ఎంత బిగిస్తున్నారో పని మధ్యలోనే తెలియడం మొదలవుతుంది. అంతవరకు ఎవరికీ తెలియదు, ఎందుకంటే అలవాటైన బిగువు బిగువుగా తోచదు. గోళ్ళు తెల్లబడడం, పళ్ళు కరచుకోవడం, ఊపిరి బిగబట్టడం, భుజాలు లేవడం పైకి కనిపించే గుర్తులు. ఎదుట కూర్చున్నవారు వీటిని త్వరగా కనిపెట్టగలరు గనుక ఇంట్లో ఒకరు పితికేటప్పుడు మరొకరు చూసి చెప్పడం మంచిది.

కొత్తగా నేర్చుకునేవారిని మొదటి రోజే పశువు దగ్గర కూర్చోబెట్టవద్దు. శుభ్రమైన రబ్బరు చేతితొడుగులో నీళ్ళు నింపి, మూతి కట్టి, దూలానికి మోకాలి ఎత్తులో వ్రేలాడదీయండి. ఒక వ్రేలి చివర సూదితో చిన్న రంధ్రం చేయండి. ఉంగరం మూసి వరుసగా నొక్కితే ధార వస్తుంది. ఉంగరం మూయకుండా నొక్కితే నీళ్ళు పైకి పోతాయి, ఉంగరం తెరవకపోతే రెండవ ధార రాదు. ఇరవై నిమిషాల ఉపన్యాసం కన్న ఈ తొడుగు బాగా నేర్పుతుంది. మహిళా సభ్యుల శిక్షణ రోజున సంఘంలో నాలుగు తొడుగులు కట్టి ఉంచితే సరిపోతుంది. తరువాత పాలు తగ్గే దశలో ఉన్న సాధువైన పశువు దగ్గర రోజుకు రెండు మూడు నిమిషాలు పితికించాలి. మిగిలినది చెయ్యి తిరిగినవారు పూర్తి చేయాలి. క్రొత్త చెయ్యితో ఆలస్యం చేస్తే చేపు పోతుంది.

బొటనవ్రేలు మడిచే పాత అలవాటు ఉన్నవారు రెండు పూటలూ ఒకేసారి మార్చుకోవడం కష్టం. ప్రతి పూట మొదటి రెండు నిమిషాలు, అంటే చెయ్యి ఇంకా అలవకుండా ఉన్నప్పుడు, కొత్త పద్ధతిలో పితికి, వారం వారం ఆ సమయం పెంచుకుంటూ పోవచ్చు. ఒకటే జత చన్నులను పట్టుకొని కూర్చోకుండా జతలు మార్చినప్పుడల్లా రెండు చేతులు ఒకసారి దులిపి క్రిందికి వ్రేలాడదీయాలి. దీనికి పట్టేది రెండు క్షణాలు.

చేతి నొప్పులన్నీ పట్టు వల్లనే వచ్చేవి కావు. మధుమేహం, థైరాయిడ్ జబ్బు, కీళ్ళవాతం ఉన్నవారికి, గర్భిణులకు కూడా తిమ్మిర్లు రావచ్చు. రాత్రి తిమ్మిరి వారాల తరబడి నిలిచినా, చేతిలోని వస్తువులు జారిపడుతున్నా, బొటనవ్రేలి మొదట కండ తగ్గినట్లు కనిపించినా తైలాలు రుద్దుకుంటూ కాలం గడపవద్దు. నరము ఎక్కువకాలం నలిగితే బలం తిరిగి రాకపోవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు రోజుకు ఎన్ని పశువులను, ఎంతసేపు, ఏ తీరుగా పితుకుతున్నారో చేతితో చూపించి చెప్పండి. పొదుగులో గడ్డగాని, పాలలో విరుగులుగాని కనిపిస్తే ఆ రోజే పశువైద్యశాలకు కబురు పంపి, ఆ చన్ను పాలను సంఘానికి పోయకుండా వేరుగా ఉంచండి.